బాలింత ఇంట్లో అరగంట

పిల్లలకు నీళ్లు పోయడం నా పని. తార్నాక, మాణికేశ్వర్ నగర్, మల్కాజ్‌గిరి, ఎక్కడ కాన్పు అయినా ఎవరో ఒకరు నా నెంబరు ఇస్తారు. పొద్దున ఆరున్నరకు మొదటి గడప ఎక్కితే మధ్యాహ్నం రెండు మూడింటి దాకా నాలుగైదు ఇళ్లు తిరుగుతాను. కాళ్లు చాపుకుని కూర్చుని, చంటిపిల్లను కాళ్ల మీద వేసుకుని నూనె రాసి, నలుగు పెట్టి, నీళ్లు పోసి, ఊదు పొగ పట్టి, గుడ్డలో చుట్టి పడుకోబెడతాను. తర్వాత బాలింతకు ఒళ్లు పట్టి తలకు పోస్తాను. మా అత్త చేసిన పని ఇది. మా ఆయన పోయాక నా చేతికి వచ్చింది.

నాకు చదువు రాదు. సంతకం పెడతాను, బస్సు నెంబరు గుర్తుపడతాను, అంతే. నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది. మధ్యలో ఆగి, "గిది గూడ రాయాల్నా అమ్మా?" అంటోంది. రాయమనే చెబుతున్నాను. ఒక బాలింత నా కళ్ల ముందు మునిగిపోతుంటే చూసి, చూడనట్టు లేచి వచ్చాను. ఆ సంగతి నా నోటి నుంచే రావాలి.

ఆ పిల్ల తార్నాకలో, యూనివర్సిటీ గోడ పక్క సందులో, రెండో అంతస్తులో ఉండేది. ఆమె, ఆమె భర్త ఆ యూనివర్సిటీలోనే చదువుకుని అక్కడే ఇష్టపడి పెళ్లి చేసుకున్నారు. ఆమెకు తల్లి లేదు. తండ్రి ఈ పెళ్లి తర్వాత మాట్లాడటం మానేశాడు. భర్త రోడ్లు వేసే కంపెనీలో ఇంజనీరు, పదిహేను రోజులకు ఒకసారి వచ్చేవాడు. కాన్పుకు అత్త వచ్చింది కానీ, నాట్లు పడే సమయమని పదో రోజే ఊరికి వెళ్లిపోయింది. ఆ ఇంట్లో మిగిలింది పాప, ఆ పిల్ల, ఆమె ల్యాప్‌టాప్. పన్నెండో రోజున ల్యాప్‌టాప్ తెరిచింది. కంపెనీలకు బొమ్మలు గీసి పంపుతుందట. నాకు అర్థమైంది అంతే.

"పెద్దమ్మా, నువ్వు గూడ ఫ్రీలాన్సరువే, తెలుసా?" అంది ఒకరోజు, నేను ఆమె వీపుకు నూనె రాస్తుంటే.

"అంటే ఏంది బిడ్డా?"

"నీ మీద సేటు లేడు. నెల జీతం లేదు. ఎవలు పిలిస్తే వాళ్లింటికి పోతవు. నాది గూడ గంతే."

"సేటు లేడంటివి. మరి ఫోను మోగంగనే గట్ల ఉలికిపడ్తవేంది?"

నవ్వింది. "ఒక్క సేటు లేడు పెద్దమ్మా. తొమ్మిదిమంది ఉన్నరు."

ఆ పిల్ల మంచం పక్కన ఎప్పుడూ ఒక ఇంగ్లీషు పుస్తకం ఉండేది, మూలలు నలిగి, అట్టకు టేపు వేసి. తక్కువ సేపు పని చేసి ఎక్కువ బతకడం ఎట్లాగో అందులో రాసి ఉందట. పాతదేనట కానీ, ఇంటి నుంచి పని చేసుకునే వాళ్లంతా దాన్నే పట్టుకుని బతుకుతారట. పాపకు పాలిస్తూ ఒక చేత్తో పేజీ తిప్పేది. నాకు చదివి తెలుగులో చెప్పేది. కథలాగా ఉండేది, నేనూ వినేదాన్ని.

ఇరవై ఒకటో రోజు తొట్టెల వేశారు, పాపను మొదటిసారి ఉయ్యాలలో వేసే వేడుక. పదిమంది కూడా లేరు. నేను పాపకు నీళ్లు పోసి, గుడ్డలో చుట్టి, గోడ పక్కకు జరిగి నిలబడ్డాను. ఇటువంటి చోట నా స్థానం నాకు తెలుసు. నీళ్లు పోయడానికి నా చేతులు కావాలి, తొట్టెలలో వేసే టైముకు మాత్రం నేను ఎదురుపడకూడదు. ఏ ఇంట్లోనైనా అంతే, నాకు కోపం కూడా రాదు. ఆ పిల్ల మాత్రం నన్ను పిలిచి, పాపను తొట్టెలలో వేయమంది. ఎదురింటి ఆమె అక్కడే ఉంది. "ముందుగాల ముత్తైదువలు ఎయ్యాలె గదమ్మా" అని నెమ్మదిగా అంది.

"రోజూ ఈమెనే గదా ఆంటీ ఎత్తుకునేది. ఇయ్యాల ఒక్కరోజు చేతులు మారినయా?" అంది ఆ పిల్ల.

నేనే వేశాను. ఇన్నేళ్లలో ఎందరికి నీళ్లు పోశానో, తొట్టెలలో వేసింది ఆ ఒక్క పాపనే. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసింది ఎవరికి చేశానో తెలియాలి.

నెల దాటిన తర్వాత ఒకరోజు పాప నా కాళ్ల మీద ఉంది, ఒళ్లంతా నూనె. నా ఫోను ఆగకుండా మోగుతోంది. ఒకరు రేపు త్వరగా రమ్మంటారు, ఒకరు మా చెల్లెలికి ఎనిమిదో నెల, ఇప్పుడే మాట ఇవ్వమంటారు. ఆ పిల్ల ఫోను తీసి గొంతు మూయించి పక్కన పెట్టింది.

"పెద్దమ్మా, నీకు రోజుకు రెండు గంటలు ఖాళీ దొరికితే ఏం చేస్తవు?"

"పగటిపూట పండుకుంట."

ఆ పిల్ల నవ్వీ నవ్వీ కుట్లు నొప్పి పుట్టి పొట్ట పట్టుకుంది. "పుస్తకంల మనుషులు దేశాలు తిరుగుతరు పెద్దమ్మా, డ్యాన్సులు నేర్చుకుంటరు. నువ్వు పండుకుంటవా?"

"మా ఆయన పోయిన కాన్నుంచి పగటి నిద్ర ఎరగను బిడ్డా. నవ్వకు."

నవ్వడం ఆపింది. ఆ రోజే ఒక పెద్ద కాగితం మీద నా రోజంతా బొమ్మలు గీసి ఇచ్చింది, నాకు చదువు రాదు కదా. సూర్యుడు, బకెట్లు, బస్సు, ఒక మంచం. ఫోను బొమ్మ రెండు చోట్లే గీసింది, పన్నెండు గంటల దగ్గర ఒకటి, అయిదు దగ్గర ఒకటి. మిగతా టైములో ఫోను సంచిలో, నోరు మూసుకుని ఉండాలి. ఒకే దిక్కున ఉన్న ఇళ్లు ఒక వరసలో పెట్టింది. ఇంటికి అరగంట. "గంట ఇస్తే పని గంట తింటది, అరగంట ఇస్తే అరగంటల అయిపోతది పెద్దమ్మా. ఇది పుస్తకంల ఉన్నది" అంది. నా ఫోనులో పేర్లు చదవలేనని ప్రతి నెంబరుకూ ఒక బొమ్మ కూడా పెట్టింది. తన నెంబరుకు పాప పాదాల ఫోటో పెట్టింది.

అన్నీ బాగానే ఉన్నాయి. ఒక్కచోట నేను ఆగాను.

"బాలింత తిన్నంక లేస్త బిడ్డా నేను. మా అత్త గదే చెప్పింది."

మా అత్త ఆ పని నాకు నేర్పినప్పుడు చెప్పిన మాట అది. బాలింత తిన్న తర్వాత లేవాలి. వేడి అన్నం, వెల్లిపాయ కారం, నెయ్యి, అది ఆమె నోట్లోకి పోవడం చూసి లేవాలి. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కూర్చుంటే చాలా కనిపిస్తుందని నాకు పని చేయగా చేయగా తెలిసింది. తింటోందా లేదా, పాప ఏడిస్తే తల తిప్పుతోందా లేదా, మాట ఎక్కడ ఆగిపోతోంది.

"తినుడు నా పని పెద్దమ్మా" అంది ఆ పిల్ల. "నీ పని నీళ్లు పోసుడు. పని గానిది పనిల కలుపుకుంటే ఎట్ల?"

ఆ మాట ఆమె నా మంచికే చెప్పింది. నేనూ ఒప్పుకున్నాను.

ఒప్పుకోవడం ఏమిటి, సంబరపడ్డాను. వారం తిరిగేసరికి మధ్యాహ్నం ఒంటి గంటకు ఇంట్లో ఉన్నాను. అన్నం తిని, ఫ్యాను కింద చాప వేసుకుని పడుకున్నాను. బయట కూరగాయల బండివాడు అరుస్తున్నాడు, పక్కింట్లో టీవీ నడుస్తోంది, అదంతా వింటూనే నిద్రలోకి జారిపోయాను. అంత రుచి తిండిలో కూడా ఎరగను. నా కూతురు కాలేజీ నుంచి వచ్చి, "అమ్మా, నీ ముఖం మంచిగైంది" అంది. అప్పుడే మల్కాజ్‌గిరిలో కవల పిల్లలు పుట్టిన ఇల్లు ఒకటి వచ్చింది. వరసలో కుదరాలంటే ఏదో ఒక ఇంట్లో టైము కోయాలి.

ఎక్కువ సేపు పట్టే ఇల్లు ఏదో వెతికి అక్కడ కోయాలని కూడా పుస్తకంలో ఉందట. ఆ పిల్లే గుర్తుచేసింది. గుర్తుచేసి, "మా ఇల్లేనేమో గదా పెద్దమ్మా? కోసెయ్ మరి" అని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే లోపల లెక్క వేసుకున్నాను, ఆమె ఇల్లే. మిగతా ఇళ్లలో తల్లులున్నారు, అత్తలున్నారు. ఈ ఇంట్లో ఎవరూ లేరని, ఇక్కడ మాత్రం ఇంకా గంటన్నర కూర్చుంటున్నాను. మర్నాటి నుంచి ఆ ఇంట్లో కూడా అరగంటే. నా కూతురు ఫోనులో కోడికూత అలారం పెట్టింది. అది కూయగానే లేచేదాన్ని.

మొదటి వారం ఆ పిల్ల మెచ్చుకుంది. "నాకంటె నువ్వే మంచిగ చేస్తున్నవు పెద్దమ్మా. నా టైంటేబులు ఏడ నడుస్తున్నది? పాప పండుకున్నప్పుడు పని చేద్దామంటే పండుకోదు, రెండుసార్లే ఫోను చూద్దామంటే సేట్లు ఊకోరు." నవ్వుతూనే అంది. నేను కూడా నవ్వి లేచాను.

రెండో వారం నుంచి నాకు కనబడటం మొదలైంది. ఇది స్పష్టంగా చెప్పాలి, కనబడలేదని నేను అనను. నిన్న పొద్దున నేను మూతపెట్టి వచ్చిన అన్నం ఈ పొద్దున అట్లాగే ఉంది. జుట్టు అట్టకట్టింది. తలకు పోస్తానంటే, "ఇయ్యాల వద్దు పెద్దమ్మా, రేపు" అనేది. పాపను నా చేతికి ఇచ్చేటప్పుడు ముఖం గోడ వైపు పెట్టి ఇచ్చేది. తీసుకునేటప్పుడు, "కింద పడుకోబెట్టు, నేను ఎత్తుకుంట తర్వాత" అనేది. ల్యాప్‌టాప్ తెరిచే ఉండేది, కానీ దాని మీద చేతులు ఉండేవి కావు.

ఇవి ఏమిటో నాకు తెలుసు. మాణికేశ్వర్ నగర్‌లో ఒకామె ఇట్లాగే ఉంటే, మా అత్త నెల రోజులు ఆ ఇంట్లోనే అన్నం తిని, ఆ ఇంట్లోనే పడుకుంది. నేను పక్కనుండి చూశాను. అయినా రోజూ కోడి కూయగానే లేచాను. రేపు కొంచెం ఎక్కువ సేపు కూర్చుందాం అనుకుంటూ మెట్లు దిగేదాన్ని. రేపు కవలల ఇంట్లో ఆలస్యం అవుతుందని గుర్తొచ్చేది.

ఒక పొద్దున నేను ఊదు పొగ వేస్తుంటే ఆ పిల్ల వంటింటి గుమ్మంలో నిలబడి, "పెద్దమ్మా, నిన్ను ఒకటి అడగాల్నా?" అంది.

"అడుగు బిడ్డా."

ఆమె నోరు తెరిచింది. అప్పుడే కోడి కూసింది.

"రేపు అడుగుతవా? బస్సు పోతది" అన్నాను. నా నోటితోనే అన్నాను. సంచి భుజానికి వేసుకున్నాను. ఆమె పక్కకు జరిగి దారి ఇచ్చింది. మర్నాడు నేనే, "ఏందో అడుగుతనంటివి?" అన్నాను. "ఏం లేదు పెద్దమ్మా, యాది లేదు" అంది.

ఆ తర్వాత నాలుగో రోజు. పొద్దున ఆమె ఇంట్లో పని ముగించుకుని మల్కాజ్‌గిరి వెళ్లాను. పన్నెండుకు సంచిలోంచి ఫోను తీస్తే నాలుగు కాల్స్ ఉన్నాయి. నాలుగింటి పక్కనా పాదాల ఫోటో. నేను ఒకసారి చేశాను. ఎత్తలేదు. పాప పడుకుంటే ఆమె కూడా పడుకుని ఉంటుందిలే, అయిదు గంటలకు మళ్లీ చేద్దాం అనుకున్నాను. ఇంటికి వచ్చాను, తిన్నాను, చాప వేసుకున్నాను. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదని చెప్పుకుంటే బాగుంటుంది. బాగా పట్టింది.

అయిదు గంటలకు చూస్తే, బొమ్మ లేని కొత్త నెంబరు నుంచి బోలెడు కాల్స్. చేస్తే ఎదురింటి ఆమె.

"ఎన్నిసార్లు చెయ్యాలె నీకు? ఫోను ఎందుకు పెట్టుకున్నవు?" అని అరిచింది. "పదిన్నరకు పిల్లను నా చేతుల పెట్టి, అయిదు నిమిషాలు ఆంటీ అని పోయింది. ఇప్పటిదాంక రాలే. ఫోను ఇంట్లనే ఉన్నది. వాళ్లాయన బయలెల్లిండు గని ఎప్పుడొస్తడో. గీడ పిల్ల డబ్బాపాలు తాగుత లేదు. నీకన్న ఏమన్న చెప్పిందా?"

ఆ రోజు వంటింటి గుమ్మంలో చెప్పబోయింది. నేను బస్సెక్కాను.

నేను, నా కూతురు చెప్పులు వేసుకుని పరుగెత్తాం. ఆ పిల్ల వెళ్లేదంటూ ఉంటే యూనివర్సిటీ లోపలికే వెళ్తుంది, ఆమెకు ఈ ఊళ్లో వేరే చోటు లేదు. గేటు దాటి, హాస్టళ్ల వైపు రోడ్డు పట్టుకుని, కనిపించిన ప్రతి పిల్లనూ అడుగుతూ పోయాం. ఇంకా వెలుగు ఉంది. నడకకు వచ్చినవాళ్లు, పుస్తకాలు ముందు పెట్టుకుని చదువుకునేవాళ్లు, ఎవరి పనిలో వాళ్లున్నారు. ఒక రాతి బెంచీ దగ్గర ఇద్దరు చదువుకునే ఆడపిల్లలు నిలబడి ఉన్నారు. బెంచీ మీద ఆమె. కాళ్లకు చెప్పులు లేవు. పాలు కారి కుర్తా ముందంతా తడిసిపోతే ఆ పిల్లల్లో ఒకామె తన చున్నీ తీసి కప్పింది.

నన్ను చూడగానే, "పాప ఏది?" అంది.

"ఎదురింటామె తాన ఉన్నది బిడ్డా. మంచిగున్నది."

"నీళ్లు ఎంత వేడి ఉండాల్నో అడుగుదామని చేసిన పెద్దమ్మా."

నేను ఆమె పక్కన కూలబడ్డాను.

"పాప ఒళ్లంత దొడ్డికి చేసుకున్నది. మళ్ల నీళ్లు పోద్దామనుకున్న. బకెట్ల చెయ్యి పెడ్తే తెలుస్తలేదు. వేడిగున్నయా సల్లగున్నయా, ఏం తెలుస్తలేదు. ఎన్నిసార్లు పెట్టి చూసిన్నో. నా చేతులల్ల పాపకు ఏమన్న అయితదని భయమైంది. గందుకే ఇచ్చి వచ్చిన." కొంచెం ఆగి, నా మోకాలి మీద చెయ్యి వేసింది. "టైం గాని టైంల చేసిన. ఏమనుకోకు పెద్దమ్మా."

నా కూతురు అటు తిరిగి ఏడ్చింది. ఇది రాస్తూ కూడా ఏడుస్తోంది.

రాత్రికి భర్త వచ్చాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ, కాన్పు తర్వాత కొందరికి ఇట్లా అవుతుంది, మందులున్నాయి, నిద్ర కావాలి, ఒంటరిగా వదలొద్దు అని చెప్పిందట. ఒంటరిగా వదలొద్దు. ఆ మాట చెప్పడానికి నాకు డాక్టరమ్మ అక్కర్లేదు. వారంలో అత్త వచ్చి ఇద్దరినీ ఊరికి తీసుకుపోయింది. వెళ్లే ముందురోజు నేను తలకు పోస్తానని వెళ్తే, గుమ్మంలోనే, "నేను పోసిన తియ్" అంది ఆ అత్త. కోపంగా అనలేదు. నేను మెట్లు దిగాను.

అప్పటి నుంచి పుస్తకాన్ని తిట్టుకుందామని చూశాను. కుదరలేదు. ఆ పుస్తకం చెప్పినవి చాలావరకు మంచి మాటలే. పగలు ఒక నిద్ర నాకు ఇప్పటికీ కావాలి, పోతున్నాను కూడా. కానీ ఆ పుస్తకం రాసినాయనకు బాలింతలు తెలియరు. ఆ పిల్లకు తన ఒంట్లో ఏం జరుగుతోందో తెలియదు, మొదటి కాన్పు. ఆ ముగ్గురిలో తెలిసినదాన్ని నేనే. తెలిసి, నా నిద్ర కోసం అరగంటకు లేచాను. కూతురు, "అమ్మా, అలారం పెట్టింది నేను గదా" అంటుంది. పెట్టమన్నది నేను.

ఫోను అయితే ఇప్పుడు నోరు మూయించను. నూనె చేతులతోనే ఎత్తుతాను. ప్రతి ఇంట్లో బాలింత తిన్నదాకా కూర్చుంటున్నాను. కవలల ఇల్లు వదిలేశాను. వాళ్లకు అమ్మమ్మ, నానమ్మ ఇద్దరూ ఉన్నారు. దీనివల్ల నా మనసేమీ తేలిక కాలేదు.

పాపకు ఆరో నెల పడ్డాక ఆ పిల్ల తార్నాకకు తిరిగి వచ్చిందని ఎదురింటి ఆమె చెప్పింది. రెండుసార్లు ఆ సందు మొదటి దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. మూడోసారి ఒక ఆదివారం ఎక్కాను. తలుపు తీసింది. కొంచెం ఒళ్లు చేసింది, జుట్టు కత్తిరించుకుంది. భర్త పట్నంలోనే వేరే కంపెనీలో చేరాడట. ల్యాప్‌టాప్ మూసి ఉంది. సేట్లను నలుగురికి తగ్గించుకుందట.

"ఇన్ని రోజులు యాడ పోయినవు పెద్దమ్మా? నేనే రావాల్నని కూసున్నవా?" అని దబాయించింది.

"పని ఎక్కువుండె బిడ్డా" అని అబద్ధం చెప్పాను.

పాపకు నీళ్లు పోసే వేళ అది. నేను చీర కుచ్చెళ్లు దోపుకోబోతే, "నువ్వు కూసో, నేను పోస్త, నువ్వు చూడు" అంది. చిన్న ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, టబ్బులో పాపను పెట్టి నీళ్లు పోసింది. నేనైతే అట్లా పోయను. చెవుల వెనక సరిగ్గా కడగలేదు. ఎక్కడా చెయ్యి మాత్రం తడబడలేదు. పాప ఏడిస్తే, "అయిపోయింది బంగారం, అయిపోయింది" అంటూ ముఖంలో ముఖం పెట్టింది. నేను అక్కడ పీట మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"సరిగనే పోసిన్నా?" అంది.

"మంచిగ పోసినవు."

లేచేటప్పుడు నా నోటి దాకా వచ్చింది, నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా అని. అడిగితే ఆ పిల్ల ఏమంటుందో నాకు తెలుసు. "నువ్వేం చేసినవు పెద్దమ్మా, చెప్పింది నేనే గదా" అని వెంటనే అనేస్తుంది. ఆ మాట తీసుకుని నేను ఇంటికి వచ్చి హాయిగా ఉంటాను. అంత సులువుగా అది నాకు దొరకొద్దనిపించింది. అడగలేదు. పాప తడి జుట్టు నా కొంగుతో తుడిచి, వచ్చేశాను.